సాద్ అల్ సుఊద్ అంటే మన ధనిష్ఠేనా? అరబ్బుల చంద్ర మజిలీల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

వఫ్రా_తోట:

అందరికీ నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో వఫ్రా వైపు ఒక తోటలో పని చేస్తున్నా. టమాటా, కీరదోస గ్రీన్‌హౌస్‌లు, కొన్ని ఖర్జూరం చెట్లు, యజమాని విడిది ఇంటి ముందు ఒక ద్రాక్ష పందిరి. మా మేస్త్రీ సిరియా పెద్దాయన, దరా వైపు రైతు కుటుంబం. ఫిబ్రవరి మొదట్లో ఆ ద్రాక్ష తీగలు కత్తిరించమని ఒకటే తొందరపెట్టాడు. "సాద్ అల్ సుఊద్ వచ్చిందంటే కట్టెలో నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు కోస్తే తీగ ఏడుస్తుంది" అన్నాడు. ఒక మూల తీగ మిగిలిపోతే నెలాఖరులో కోశాను. కోసిన చోటునుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు. సాయంత్రం వెళ్ళి చూస్తే ఇంకా కారుతూనే ఉంది, కింద ఇసుక తడిసి ముద్దయింది.

ఇంతకీ ఈ సుఊద్ ఏంటని అడిగితే, చంద్రుడు ఆగే ఇల్లు, అలాంటివి 28 ఉన్నాయి అన్నాడు. మా రూమ్‌లో ఉండే ఈజిప్టు అతనేమో ఇంకో మాట చెప్తున్నాడు. అదృష్టాలన్నిటికీ పెద్ద అదృష్టం అదేనట. ఏ మంచి పనైనా అప్పుడే మొదలుపెట్టాలట. ఫోన్‌లో ఏదో యాప్ కూడా తీసి చూపించాడు.

మా ఆవిడ రాజంపేటలో ఫ్యాన్సీ షాపు పెడుతోంది. ఓపెనింగ్ ఎప్పుడు పెట్టుకోవాలా అని ఇంట్లో ఇప్పటికే టెన్షన్‌గా ఉంది, ఇప్పుడు ఇదొకటి తోడైంది. ఇది మన కార్తెల్లాంటిదా, నక్షత్రం లాంటిదా? మనకి 27 ఉంటే వాళ్ళకి 28 ఎందుకు? ఆ పేరుకి అసలు అర్థం ఏంటి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

---

ఉస్మానియా_అరబ్బీ:

తమ్ముడూ, నేను ఉస్మానియాలో అరబ్బీ ఎం.ఏ. చేశాను, ఇప్పుడు ఆ భాషే పాఠాలు చెప్తున్నాను. ఈ మజిలీల మీద పాత అరబ్బులు చెప్పుకున్న మాటలంటే నాకు ప్రాణం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ మేస్త్రీ చెప్పిందీ, మీ రూమ్మేట్ చెప్పిందీ రెండు వేరు వేరు లెక్కలు. పేరు ఒకటే కావడంతో కలిసిపోతున్నాయి.

చంద్రుడు ఆకాశం ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల మీద కొన్ని గంటలు పడుతుంది. ఆ దారిని అరబ్బులు 28 ముక్కలు చేసి, రాత్రికో మజిలీ అన్నారు. చంద్రుడికి మజిలీలు ఏర్పరచామని, చివరికి అతను ఎండిన పాత ఖర్జూర గెల కాడలా వంగిపోయి కనిపిస్తాడని ఖురాన్‌లోనే ఉంది, యాసీన్ సూరాలో. మన 27 కూడా ఇదే చంద్రుడి లెక్క. మనవాళ్ళూ అభిజిత్తుని కలుపుకున్నప్పుడు 28 అవుతాయి. కాబట్టి ఆ తేడా పెద్దది కాదు.

అయితే ఎడారిలో మేకలు, ఒంటెలు మేపుకునేవాళ్ళకి ఎక్కువగా పనికొచ్చింది చంద్రుడి లెక్క కాదు. తెల్లవారుజామున, ఇంకా సూర్యుడు రాకముందు, తూర్పున ఏ మజిలీ కొత్తగా కనిపిస్తోంది, అదే వేళకి పడమట ఏది దిగిపోతోంది, ఇదీ వాళ్ళు చూసుకున్నది. ఒక్కో మజిలీకి 13 రోజులు. 28 పదమూళ్ళు 364. మిగిలిన ఒక్క రోజునీ జబ్హా అనే మజిలీకి కలిపి దానికి 14 ఇచ్చారు. ఏడాది పూర్తి. మన కార్తె కూడా పదమూడు, పద్నాలుగు రోజులే కదా. మీ మేస్త్రీ మాట ఈ లెక్కలోది. అంటే మీరడిగినట్టు కార్తె లాంటిదే.

ఇక సాద్ అల్ సుఊద్. వరసలో 24వది. సాద్ అంటే శుభం. ఆకాశంలో ఆ పేరుతో పది చోట్లున్నాయి, వాటిలో నాలుగు మాత్రమే చంద్రుడి మజిలీలు. నాలుగూ వరసగా వస్తాయి: సాద్ అజ్జాబిహ్, సాద్ బులా, సాద్ అల్ సుఊద్, సాద్ అల్ అఖ్బియా. మొదటివాడు గొర్రెను కోసేవాడు. అక్కడున్న రెండు చుక్కల్లో ఒకదాని పక్కనే అంటుకుని ఒక చిన్న చుక్క ఉంటుంది, అదే కోయబోయే గొర్రె. రెండోవాడు మింగేవాడు. నూహ్ ప్రవక్త కాలపు వరద తర్వాత "భూమీ, నీ నీళ్ళు మింగెయ్" అని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు ఈ మజిలీ ఉదయించిందని ఒక నమ్మకం. మూడోది శుభాలన్నిటిలోకీ శుభం. నాలుగోది గుడారాలది. మూడు చుక్కల మధ్య ఒకటి గుడారంలో కూర్చున్నట్టు ఉంటుంది.

శుభం అని ఎందుకన్నారో తెలియాలంటే ఆ మజిలీ మీద ఉన్న పాత సామెత వినాలి. ప్రతి మజిలీకీ ప్రాసతో ఒక సామెత ఉంది. మనవాళ్ళు రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయి అన్నట్టే. సుఊద్ మీద ఉన్నది ఇది: "ఇజా తలఅ సాద్ అల్ సుఊద్, నదర్ అల్ ఊద్, వ లానత్ అల్ జులూద్, వ కురిహ ఫిష్షమ్సి అల్ ఖుఊద్." సుఊద్ ఉదయించిందంటే కట్టె పచ్చబడుతుంది, తోళ్ళు మెత్తబడతాయి, ఎండలో కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు. అంతే, ఇంకేమీ లేదు. చలికి బిర్రబిగిసిన నీళ్ళ తిత్తి చేతిలో మళ్ళీ మెత్తగా వంగడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా గుడారం ముందు ఎండ కోసం పాకులాడినవాళ్ళు ఇవాళ నీడకి జరుగుతున్నారు. చలికాలం గండం గడిచి, గొర్రెలు బతికి బయటపడ్డాయి. ఆ ఊరటకే వాళ్ళు శుభాల్లో శుభం అని పేరు పెట్టుకున్నారు. ఆ సామెతలోని మొదటి ముక్కే మీరు కోసిన తీగలోనుంచి బొట్టుబొట్టుగా కారింది. వెయ్యేళ్ళ కిందట రాసిపెట్టిన మాటని మీరు కళ్ళారా చూశారు, తమ్ముడూ. మీ పోస్టు చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ సామెతలన్నీ పోగేసినవాళ్ళలో పెద్దాయన ఇబ్న్ ఖుతైబా, 889లో చనిపోయాడు. ఆయన కితాబ్ అల్ అన్వా అరబ్బీలో అచ్చయింది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్‌లో, 1956లో, దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు వేశారు. అంతకు రెండేళ్ళ ముందు అస్సూఫీ రాసిన నక్షత్రాల పుస్తకాన్ని కూడా వాళ్ళే వేశారు. ఉస్మానియా క్యాంపస్‌లో ఆ భవనం ముందునుంచి రోజూ ఎంతోమంది నడుస్తారు. లోపల ఏముందో చెప్పేవాళ్ళే లేరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

---

బురైదా_డ్రైవర్:

అక్క బాగా చెప్పింది. మాది జగిత్యాల, చాలా ఏండ్లు సౌదీలో, ఖసీమ్‌లో బండి నడిపిన. అక్కడ వీటిల మొదటి మూడు సాద్‌లని వేరే పేరుతో పిలుస్తరు. అఖారిబ్ అంటరు, అంటే తేళ్ళు. మూడు తేళ్ళు. మొదటి తేలు విషం, రెండోది నెత్తురు, మూడోది కొవ్వు అని సామెత. మొదటి దాంట్లో చలి కుట్టి చంపుతది. రెండో దాంట్లో చలి ఉంటది గానీ పస తగ్గుతది. మూడోదానికి గడ్డి మొలిచి జీవాలకి కొవ్వు పడుతది. ఆ మూడో తేలే మీ సుఊద్.

తారీఖుల దగ్గర మాత్రం జాగ్రత్త అన్నా. సౌదీ, కువైట్ క్యాలెండర్‌లో సుఊద్ మార్చి 8 దగ్గర మొదలైతది. సిరియా, లెబనాన్, పాలస్తీనా వాళ్ళకి అది ఫిబ్రవరి 26 దగ్గర్నే వచ్చేస్తది. వాళ్ళు జనవరి చివర నుంచి మార్చి 21 దాకా యాభై రోజులు తీసుకుని నాలుగు సాద్‌లకీ సమానంగా పంచుతరు, ఒక్కోదానికి పన్నెండున్నర రోజులు. మీ మేస్త్రీ తన ఊరి లెక్క చెప్తున్నడు, మీ యజమాని గోడ మీద క్యాలెండర్ ఇంకో లెక్క చెప్తది. అట్లనే మురబ్బానియ్యా, నలభై రోజుల చలి. గల్ఫ్‌ల డిసెంబర్ 7న మొదలు, వాళ్ళకి డిసెంబర్ 21 దాటినంక. ఇద్దరూ కొట్లాడుకుంటే మధ్యల దూరకండి, ఎవరి ఊరికి వాళ్ళది కరెక్టే.

అసలు మా కఫీల్‌కి, అంటే యజమానికి, సుఊద్ కంటే వసమ్ ముఖ్యం. అక్టోబర్ మధ్యలో మొదలై 52 రోజులు, అంటే నాలుగు మజిలీలు. అప్పుడు వాన పడితేనే చలికాలం చివర్ల ఎడారిలో ఫగా దొరుకుతది. ఇసుక లోపల ఆలుగడ్డ లెక్క ఉంటది, పుట్టగొడుగు జాతి. దానికోసం ఇంటిల్లిపాదీ బండ్లెక్కి పోయేది. వసమ్‌ల వాన పడలేదంటే ఆ ఏడు ఆ ఇంట్ల ముఖాలు చూడలేకపోయేటోళ్ళం.

---

చుక్కల_చూపు:

ధనిష్ఠేనా అని అడిగారు కాబట్టి ఆకాశం వైపు నుంచి నా మాట.

వరస ప్రకారం చూస్తే అవును. అభిజిత్తుని కలిపి అశ్వినితో మొదలుపెడితే 24వది ధనిష్ఠే. వాళ్ళ మొదటిది షరతాన్, మన అశ్విని చోటే. మూడోది సురయ్యా, మన కృత్తిక. నాలుగోది దబరాన్, మన రోహిణి. 14వది సిమాక్, మన చిత్త. 18వది ఖల్బ్, అంటే తేలు గుండె, మన జ్యేష్ఠ. వీటిలో చుక్కలు కూడా అవే. కానీ సుఊద్ దగ్గరికొచ్చేసరికి వరస కలుస్తుంది, చుక్కలు కలవవు. ధనిష్ఠ శ్రవణం పక్కన చిన్న గాలిపటంలా కనిపించే గుంపు. సుఊద్ అక్కడ కాదు, ఇంకా కింద, కుంభరాశిలో. దాని ముఖ్యమైన చుక్కకి ఇప్పటికీ అంతర్జాతీయంగా అదే పేరు, సదల్‌సూద్.

చూడాలంటే అక్టోబర్‌లో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకి దక్షిణం వైపు తిరగండి. శ్రవణం బాగా మెరుస్తూ పడమటి వైపు వాలి ఉంటుంది. దక్షిణంలో కిందుగా ఒంటరిగా ఇంకో మెరిసే చుక్క ఉంటుంది, ఫొమల్‌హాట్. ఆ రెంటికీ మధ్య ఇంచుమించు సగం దారిలో, కొంచెం పైకి, పసుపుపచ్చగా మధ్యరకం వెలుగుతో ఉంటుంది. పెద్ద పట్నంలో కష్టమే, వఫ్రాలో తోట లైట్లకి దూరంగా వెళ్తే దొరుకుతుంది. శుభాల్లో శుభం అని పేరున్న చుక్క ఇంత మామూలుగా ఉంటుందా అనిపిస్తుంది. ఆ వెలుగు చూసి పెట్టిన పేరు కాదు కదా, అక్కగారు చెప్పినట్టు అది వచ్చే కాలాన్ని చూసి పెట్టింది.

ఇంకో తేడా. మన కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులు. అంటే ఆ చుక్క ఎండలో కలిసిపోయి మనకి కనపడని రోజులు. అరబ్బులది అదే చుక్క మళ్ళీ బయటపడి తెల్లవారుజామున కనిపించే రోజులు. అందుకే కృత్తిక కార్తె మనకి మే 11 దగ్గర వస్తే, గల్ఫ్‌లో సురయ్యా ఉదయం జూన్ 7 దగ్గర. చుక్కలు అవే, నాలుగు వారాల దూరం. అప్పటికి మనకి మృగశిర కార్తె వచ్చేస్తుంది. కాబట్టి పేర్లు కలిశాయని మన కార్తె సామెతని తీసుకెళ్ళి వాళ్ళ మజిలీకి అతికించొద్దు.

---

వఫ్రా_తోట:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పెద్దాయనకి అక్క రాసిన అరబ్బీ సామెత చదివి వినిపించా. రెండో ముక్క నేను చెప్పకముందే ఆయన తన ఊరి మాటల్లో అందుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో "సుఊద్ వస్తే కట్టెలో నీళ్ళు తిరుగుతాయి, చలికి వణికినవాడికి వెచ్చబడుతుంది" అంటారట. తర్వాత సాద్ అనే కుర్రాడు ఒంటె కడుపులో దాక్కున్నాడు అంటూ ఏదో కథ మొదలుపెట్టాడు, ఇంతలో నీళ్ళ మోటారు ఆగిపోయి ఆయన అటు పరిగెత్తాడు.

సరే, మరి షాపు సంగతి? ఈజిప్టు అతను వదలట్లేదు. యాప్‌లో ఈ నెల సుఊద్ ఫలానా రోజు అని చూపిస్తోంది. అంటే మార్చిలో రావాల్సింది ప్రతి నెలా ఎలా వస్తుంది?

---

ఉస్మానియా_అరబ్బీ:

ప్రతి నెలా వచ్చేది చంద్రుడి లెక్క, తమ్ముడూ. చంద్రుడు నెలకోసారి 28 ఇళ్ళూ చుట్టివస్తాడు కాబట్టి సుఊద్‌లో కూడా నెలకోసారి ఒక రోజు అటూ ఇటూగా ఉంటాడు. ఏడాదికి పదమూడుసార్లు. జ్యోతిష్కులు వాడుకున్నది దీన్ని. వాళ్ళు చుక్కల్ని కూడా వదిలేసి ఆకాశాన్ని 28 సమానమైన భాగాలు చేశారు. ఒక్కోటి 13 డిగ్రీలకి కాస్త తక్కువ. అలా చేస్తే సుఊద్ మకరం చివర మొదలై కుంభం మొదట్లో ముగుస్తుంది. ఆ భాగంలో చంద్రుడు ఉండగా ఏ పని మంచిది, ఏది కాదు అని జాబితాలు రాశారు. ఇందులో చాలా భాగం హిందువుల దగ్గరినుంచి వచ్చిందని వాళ్ళే రాసుకున్నారు కూడా. అందలుస్‌లో, అంటే ముస్లింలు ఏలిన నాటి స్పెయిన్‌లో, పుట్టిన గాయత్ అల్ హకీమ్ అనే గ్రంథం అలాంటిదే. 13వ శతాబ్దంలో అక్కడి కాస్టిల్ రాజు పదో అల్ఫాన్సో దాన్ని తర్జుమా చేయించాడు, తర్వాత లాటిన్‌లో పికాట్రిక్స్ పేరుతో యూరప్ అంతా తిరిగింది. సుఊద్‌కి ఆ సంప్రదాయంలో చెప్పిన ఫలాలు భార్యాభర్తల సఖ్యత, సైనికుల గెలుపు. లాటిన్ పుస్తకంలో మందలు పెరగడానికి ఒక తాయెత్తు కూడా ఉంది. పొట్టేలు కొమ్ము మీద బిడ్డకి పాలిస్తున్న తల్లి బొమ్మ చెక్కాలట. అంత దూరం వెళ్ళాక కూడా ఆ మజిలీని మంద వదల్లేదు చూడండి. పాలు, పిల్లలు, జీవాలు. ఎడారిలో చలి తగ్గి గొర్రెలు తేరుకున్న ఆ రోజులు ఎక్కడో లోపల మిగిలే ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఫ్యాన్సీ షాపు సంగతి. మీ రూమ్మేట్ చెప్పేది "శుభం" అన్న పేరు పట్టుకుని యాప్ చేసిన వ్యాపారం. అరబ్బుల్లోనే దీన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది. హుదైబియాలో ఒక రాత్రి వాన పడితే, ఫలానా మజిలీ వల్ల మాకు వాన పడింది అన్నవాడు దేవుణ్ణి వదిలి చుక్కని నమ్మినవాడు అని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. అందుకే మీ యజమానిలాంటివాళ్ళు మజిలీల క్యాలెండర్ గోడకి తగిలించుకుంటారు, విత్తనాలకీ చలికీ చూసుకుంటారు, అదృష్టానికి చూసుకోరు. ఓపెనింగ్ రోజు మీ ఆవిడకీ సరుకు ఇచ్చేవాళ్ళకీ కుదిరేలా పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు పంచాంగం చూపిస్తామంటే అది మన పద్ధతి, చూపించండి. పరాయివాళ్ళ చలికాలపు ఊరటని తీసుకొచ్చి రాజంపేట షాపుకి ముహూర్తంగా పెట్టడం నాకు మాత్రం ఇష్టం లేదు.

ఒంటె కథ నేను చెప్తాను, మీరు ఆయన దగ్గర కూడా వినండి. సాద్ అనే కుర్రాడు చలికాలం చివర్లో ప్రయాణం కట్టాడు. వెచ్చగా ఉంది కదా అని తండ్రి తీసుకెళ్ళమన్న కంబళీ, కట్టెలూ వద్దన్నాడు. దారిలో చలిగాలి విరుచుకుపడింది. చావు తప్పదనిపించి తన ఒంటెనే కోసి దాని కడుపులో దూరాడు. అది మొదటి సాద్, కోసినవాడు. ఆకలేసి ఆ మాంసమే తిన్నాడు. అది రెండోది, మింగినవాడు. గాలి ఆగి ఎండ కాసింది, బతికిపోయానని సంతోషపడ్డాడు. అది సుఊద్. తర్వాత ఒంటె బొచ్చుతో కప్పుకోవడానికి చేసుకుని, మిగిలిన మాంసం దాచుకుని ఇల్లు చేరాడు. అది నాలుగోది, ఈ కథలో గుడారాలది కాదు, దాపరికాలది. షామ్ దేశాల్లో, అంటే సిరియా, లెబనాన్, పాలస్తీనా వైపు, ముసలమ్మలు చలిరాత్రుల్లో చెప్పే కథ ఇది. నాలుగో సాద్ వచ్చేసరికి పాములు బయటికొస్తాయి, ఆడపిల్లలు సింగారించుకుని తిరుగుతారు అని కూడా అంటారు.

---

వఫ్రా_తోట:

పెద్దాయన చెప్పిన కథ కూడా ఇదే అక్కా. కాకపోతే ఆయన కథలో బయల్దేరేముందు తల్లి ఏడుస్తుంది, ఆ భాగం చెప్తూ కాసేపు ఆగిపోయాడు. వాళ్ళమ్మ ఇంకా దరాలోనే ఉందట.

షాపు సంగతి మా అమ్మకే వదిలేశా, పంచాంగం చూపిస్తానంది. ఒక్కటే మిగిలింది. వచ్చే ఏడాది ద్రాక్ష కత్తిరింపుకి షామ్ లెక్క చూడాలా, ఇక్కడి క్యాలెండర్ చూడాలా?

---

బురైదా_డ్రైవర్:

రెండూ వద్దన్నా. దరా కంటే వఫ్రాల ముందే వేడెక్కుతది, తీగకి నీళ్ళు కూడా ముందే ఎక్కుతయి. ఆకు రాలి తీగ నిద్రల ఉన్నప్పుడే, జనవరిల్నే పని ముగించెయ్. మేస్త్రీకి ముందే చెప్పి పెట్టు, ఫిబ్రవరి దాకా ఆగొద్దని.